పన్నెండు మంది పిల్లలు, ఒక ఖాళీ హాలు: బొమ్మలు తర్వాత కొనొచ్చు, ముందు మనిషిని వెతకండి

అమ్మా, మీ ప్రశ్న రెండు సార్లు చదివాను. చుట్టుపక్కల పద్నాలుగు కుటుంబాలు కలిశారు, అందరూ పనులకి పోయేవాళ్ళే, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా పన్నెండు మంది పిల్లలు, పగలు పిల్లల్ని చూసుకునే సెంటర్ పెట్టడానికి వాడకుండా పడున్న హాలు ఒకటి ఉచితంగా దొరికింది, తలా కొంత వేసుకున్నారు, ఆ డబ్బుతో జారుడు బల్ల, గోడల మీద పెయింటింగులు, పెద్ద టీవీ కొందామనుకుంటున్నారు. ఏ సిలబస్ పెట్టాలి, ఎంతమందిని పెట్టుకోవాలి, పిల్లలు ఎన్నాళ్ళు ఏడుస్తారు, మీ రెండేళ్ళ పాపని కూడా అక్కడే ఉంచి మీరే నడపొచ్చా, ఇదీ మీరు అడిగింది. నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదట ఆయాగా, తర్వాత టీచర్ గా, ఇప్పుడు ఇలా ఇరుగుపొరుగు కలిసి పెట్టుకునే సెంటర్లకి వెళ్ళి అవి నిలదొక్కుకునే దాకా తోడుంటాను. అందుకే కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఆ కొనుగోళ్ళు ఆపండి. జారుడు బల్ల ఏడాది తర్వాత కొనొచ్చు, టీవీ అసలు వద్దు, గోడలకి శుభ్రంగా సున్నం వేయిస్తే చాలు. ఆ డబ్బంతా పిల్లల్ని చూసుకునే మనుషుల జీతాల కోసం పక్కన పెట్టండి, కనీసం ఆరు నెలల జీతాలకి సరిపడా చేతిలో ఉన్నాకే తలుపులు తెరవండి. పొద్దున్న అమ్మ చెయ్యి వదిలేటప్పుడు పిల్ల ఎవరి చేతిలోకి వెళ్తుందో, ఆ పిల్లకి సెంటర్ అంటే ఆ మనిషే. ఆ మనిషి రేపూ ఉండాలి, వచ్చే నెలా ఉండాలి, వచ్చే ఏడూ ఉండాలి. మూతబడిన సెంటర్లు కొన్ని దగ్గర నుంచి చూశాను, అన్నిట్లోనూ హాలు బాగానే ఉంది, బొమ్మలూ బాగానే ఉన్నాయి, మనుషులే నిలవలేదు.

నేను మొదట్లో చేసిన ఒక చోట నాలుగు నెలల్లో ముగ్గురు ఆయాలు మారారు. జీతం తక్కువ, సెలవు పెడితే కోత, ఎవరు మాత్రం ఉంటారు. అక్కడికి ఏడాదిన్నర బాబు ఒకడు వచ్చేవాడు. మూడు రోజులు గొంతు పోయేలా ఏడ్చాడు, నాలుగో రోజు ఏడుపు ఆపేశాడు. అందరం హమ్మయ్య అలవాటు పడిపోయాడు అనుకున్నాం, వాళ్ళమ్మకీ అదే చెప్పాం. కానీ వాడు రోజంతా ఏం చేసేవాడంటే, చెప్పుల స్టాండ్ పక్కన కూర్చుని తన ఎడమ కాలి బూటు పట్టుకుని దాని పట్టీ పీకడం, మళ్ళీ అంటించడం, పీకడం, అంటించడం. పిలిస్తే తల తిప్పేవాడు కాదు. పెడితే తినేవాడు, పడుకోబెడితే పడుకునేవాడు, ఏ పేచీ లేదు. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. తొమ్మిదో రోజు పక్క గదిలో పనిచేసే పెద్దావిడ ఒకరు, అక్కడ అందరికంటే పాత మనిషి, వచ్చి వాడి పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు, తన చెప్పు కూడా ఒకటి తీసి చేత్తో పట్టుకున్నారు అంతే. పావుగంట అయ్యాక వాడు ఆ చెప్పు వైపు చూశాడు, తర్వాత ఆవిడ మొహం వైపు చూశాడు, ఒళ్ళోకి ఎక్కి మొదటి రోజు ఏడ్చినట్టే ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. నా లెక్కలో వాడు సెంటర్ కి వచ్చింది ఆ రోజే. ఆవిడని వాడి గదికి మార్చమని మర్నాడు నేనే గొడవ పెట్టుకున్నాను, మార్చారు, రెండు వారాల్లో వాడు వేరే పిల్లాడు అయిపోయాడు.

తర్వాత చదువుకుంటే తెలిసింది, లండన్ లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన తల్లిదండ్రులకి దూరంగా ఆసుపత్రుల్లో ఉండాల్సి వచ్చిన చిన్నపిల్లల్ని గమనించి 1950ల్లోనే ఇది రాశారని. ముందు గట్టిగా ఏడ్చి ఎదురు తిరుగుతారు, తర్వాత ఆశ వదులుకుని మౌనంగా అయిపోతారు, ఆ తర్వాత ఎవరూ అక్కర్లేనట్టు మామూలుగా కనిపిస్తారు. ఆ మూడో దశ చూసి పెద్దవాళ్ళు బిడ్డ కుదురుకుందని సంతోషపడేవాళ్ళు. మేమూ అదే తప్పు చేశాం. కాబట్టి ఎన్నాళ్ళు ఏడుస్తారు అన్న మీ ప్రశ్నకి నా జవాబు, రోజులు లెక్కపెట్టకండి, ఏడుపు వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి పరిగెడుతున్నారో చూడండి. మోకాలు దోక్కుపోతే వెతుక్కుంటూ వెళ్ళే ఒడి ఒకటి ఉంటే ఆ పిల్ల బాగానే ఉన్నట్టు, రోజూ పొద్దున్న పది నిమిషాలు ఏడ్చినా సరే. అస్సలు ఏడవకుండా, ఎవరి దగ్గరికీ వెళ్ళకుండా, చెప్పిందల్లా చేసే పిల్ల ఉంటే ఆ పిల్లని ఎక్కువ కనిపెట్టుకోండి.

ఇక ఎంతమంది కావాలి. ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద మనిషి పేరు రాసి పెట్టాలి, ఈ పాప ఈవిడ బాధ్యత అని. ఇంగ్లండ్ లో దీన్ని రూల్ గానే పెట్టారు, ప్రతి బిడ్డకీ ఒక ముఖ్యమైన మనిషి ఉండి తీరాలి. లెక్క కూడా అక్కడ ఇలా ఉంటుంది, రెండేళ్ళ లోపు పిల్లలు ముగ్గురికి ఒకరు, రెండేళ్ళ వాళ్ళు నలుగురికి ఒకరు ఉండేది 2023 నుంచి ఐదుగురికి ఒకరు చేశారు, మూడు దాటిన వాళ్ళు ఎనిమిది మందికి ఒకరు. దేశానికో లెక్క ఉంటుంది, మీ దగ్గర లైసెన్సు, రూల్స్ ఏమున్నాయో ముందే సంబంధిత ఆఫీసులో అడగండి, కానీ రెండేళ్ళ వాళ్ళ విషయంలో నేను నలుగురికి ఒకరి దగ్గరే ఆగమంటాను. నడుము పట్టేసే పని ఇది. ఒక బిడ్డకి డైపర్ మార్చాలంటే ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాలూ మిగతా పిల్లలు ఎవరి కంట్లో ఉన్నారు అని అడగండి, అప్పుడు లెక్క దానంతట అదే తేలుతుంది. మీ పన్నెండు మందిలో రెండు లోపు ముగ్గురు, రెండూ మూడు మధ్య నలుగురు, పై వాళ్ళు ఐదుగురు అనుకుంటే, ముగ్గురు జీతగాళ్ళు తప్పనిసరి, నాలుగో మనిషి వంతుల వారీగా వచ్చే అమ్మానాన్నలు. ఆ నాలుగో మనిషి ఉంటేనే మిగతా ముగ్గురికీ కాస్త కూర్చుని తినడానికి, బాత్రూముకి వెళ్ళడానికి వీలవుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మనుషులు మానేయడం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది.

మనిషిని ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ చూడండి, పాత చోట ఫోన్ చేసి కనుక్కోండి, పోలీస్ వెరిఫికేషన్ చేయించండి, ఇవన్నీ చేసి ఒక పూట పిల్లల మధ్య కూర్చోబెట్టి చూడండి. నేను చూసేది ఒక్కటే, బిడ్డని ఎత్తుకునే ముందు చెప్తుందా లేదా. వెనక నుంచి వచ్చి చంకల కింద చేతులేసి ఎత్తేస్తే నాకు నచ్చదు. ముందుకొచ్చి, కిందికి వంగి, చేతులు చాపి, నిన్ను ఎత్తుకుంటానమ్మా అని ఒక్క క్షణం ఆగితే, బిడ్డ కూడా చేతులు పైకి లేపుతుంది చూడండి, ఆ ఒక్క క్షణం తెలిసిన మనిషి దొరికితే వదలొద్దు. హంగరీలో ఎమ్మీ పిక్లర్ అనే డాక్టర్ 1946లో బుడాపెస్ట్ లో పసిపిల్లల ఆశ్రమం ఒకటి పెట్టి ఇదే నేర్పారు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం త్వరగా కానిచ్చేసే చాకిరీ అనుకోవద్దు, బిడ్డకీ పెద్దవాళ్ళకీ మధ్య పూర్తి శ్రద్ధతో జరిగే మాటామంతీ అదే అని ఆవిడ పద్ధతి. గుంపులో ఉన్న పసిబిడ్డకి ఒక మనిషి పూర్తిగా తన ఒక్కదానికే దొరికేది ఆ డైపర్ మార్చే ఐదు నిమిషాలే కదండీ, దాన్ని ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కానిచ్చేస్తే ఇంకేం మిగిలింది.

జీతం విషయంలో మొహమాటాలొద్దు. మా సెంటర్లో వచ్చే ప్రతి వందలో డెబ్బై దాకా జీతాలకే పోయేది, అలా పోవాల్సిందే కూడా. సెలవుల్లో జీతం ఇవ్వాలి, జబ్బు చేస్తే జీతం ఇవ్వాలి. అందుకని ఫీజు కూడా నెలవారీగా ఉండాలి, మా పాప పది రోజులు రాలేదు కాబట్టి తగ్గించుకోండి అంటే ఆయా ఇంటి ఖర్చు పది రోజులు తగ్గదు, ఈ మాట మొదటి మీటింగులోనే అందరికీ చెప్పేసి సంతకాలు పెట్టించుకోండి. ఫీజు అందరికీ ఒకటే ఉండక్కర్లేదు. సంపాదన ఎక్కువున్న ఇల్లు కొంచెం ఎక్కువ, తక్కువున్న ఇల్లు తక్కువ, ఎవరెంత ఇస్తున్నారో డబ్బు చూసే ఒక్కరికే తెలియాలి. కానీ మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనేది ప్రతి నెలా గోడ మీద అంటించాలి. లెక్కల దగ్గర అనుమానం వస్తే పద్నాలుగు కుటుంబాల స్నేహం ఒక్క నెలలో పోతుంది.

అలవాటు చేసే రోజుల గురించి. పన్నెండు మందినీ ఒకే సోమవారం తెచ్చి దింపకండి దయచేసి. వారానికి ముగ్గురు నలుగుర్ని చేర్చుకోండి, నెల పట్టినా పర్లేదు. మొదటి రెండు మూడు రోజులు అమ్మో నాన్నో గదిలోనే ఓ మూల కూర్చోవాలి, ఆడించకూడదు, ఊరికే ఉండాలి, బిడ్డ వెళ్ళి ఆడుకుని వచ్చి ఓసారి ముట్టుకుని మళ్ళీ వెళ్తుంది. తర్వాత పావుగంట బయటికి వెళ్ళి రావాలి, తర్వాత గంట, తర్వాత పూట. వెళ్ళేటప్పుడు మాత్రం చెప్పే వెళ్ళాలి. బొమ్మ చూపించి మరిపించి వెనక నుంచి జారుకోవడం అందరూ చేసే పనే, ఆ పూటకి ఏడుపు తప్పుతుంది నిజమే, కానీ మర్నాటి నుంచి ఆ బిడ్డ అమ్మ కొంగు వదలదు, ఆడుతూ ఆడుతూ కూడా తలుపు వైపే చూస్తుంటుంది, ఎందుకంటే చూపు తిప్పితే అమ్మ మాయమవుతుందని నేర్చుకుంది కదా. నిద్ర లేచాక వస్తాను అని చెప్పండి, నిద్ర లేచాక రండి. ఇంటి వాసన ఉన్న గుడ్డ ఒకటి ఇచ్చి పంపండి, ఉతక్కుండా.

ఇప్పుడు మీరు అందరూ కలిసి అన్న మాట గురించి, నాకు మీ ప్రశ్నలో అన్నిటికంటే నచ్చింది అదే. ఇలా జనం కలిసి పెట్టుకున్న వాటికి మంచి చరిత్ర ఉందమ్మా. 1945లో యుద్ధం అయిపోయిన కొద్ది రోజులకే ఇటలీలో రెజ్జియో ఎమీలియా దగ్గర విల్లా చెల్లా అనే పల్లెలో, జర్మన్ సైన్యం వదిలేసి పోయిన ట్యాంకు, కొన్ని లారీలు, గుర్రాలు అమ్మి ఆ డబ్బుతో పిల్లల బడి కట్టుకోవడం మొదలుపెట్టారు. బాంబులకి కూలిన ఇళ్ళ ఇటుకలు ఏరారు, ఇసుక నది నుంచి తెచ్చుకున్నారు. ఆ కబురు విని లోరిస్ మలగుజ్జి అనే కుర్ర టీచర్ సైకిల్ మీద చూడ్డానికి వెళ్ళి వాళ్ళతోనే ఉండిపోయారు, ఈ రోజు ప్రపంచమంతా రెజ్జియో పద్ధతి అని చెప్పుకునేది అక్కడ నుంచి వచ్చిందే. న్యూజిలాండ్ లో 1941లో వెల్లింగ్టన్ లో, మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళి ఇంట్లో తల్లులు ఒంటరిగా మిగిలిన రోజుల్లో, ప్లేసెంటర్ అని మొదలైంది, అమ్మానాన్నలే ట్రైనింగ్ తీసుకుని వంతుల వారీగా నడిపేది, ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకోటి చెప్తాను. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం యిప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ గురించి అందరూ చెప్తుంటారు. 123 మంది పేద పిల్లల్లో 58 మందికి ప్రీస్కూల్ ఇచ్చారు, 65 మందికి ఇవ్వలేదు, వాళ్ళకి 40 ఏళ్ళు వచ్చే దాకా వెంబడించి చూస్తే ప్రీస్కూల్ కి వెళ్ళిన వాళ్ళలో చదువు పూర్తి చేసినవాళ్ళు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఎక్కువ, పోలీసు కేసులు తక్కువ. తెలివి పరీక్షల్లో మొదట వచ్చిన తేడా మాత్రం కొన్నేళ్ళకే చెరిగిపోయింది, అయినా జీవితంలో తేడా నిలిచింది. దీని గురించి చెప్పేవాళ్ళు తరచుగా వదిలేసే ముక్క ఏంటంటే, అక్కడి టీచర్లు వారానికోసారి ప్రతి పిల్ల ఇంటికీ వెళ్ళి గంటన్నర కూర్చునేవాళ్ళు, అమ్మతో కలిసి. మీది చుట్టుపక్కల ఇళ్ళే కాబట్టి ఈ పని మీకు నడిచి వెళ్ళే దూరం. వారానికోసారి కుదరకపోయినా చేర్చుకునే ముందు ఒకసారి, తర్వాత రెండు నెలలకోసారి ఆ పిల్ల బాధ్యత చూసే మనిషి ఆ పిల్ల ఇంటికి వెళ్ళి రావాలి. పాప ఇంట్లో ఏ మూల ఆడుకుంటుంది, ఏ మాట ఎలా పలుకుతుంది, నిద్రొస్తే ఏం చేస్తుంది, ఇవి ఫారం నింపితే తెలియవు.

మరి అమ్మానాన్నలు సెంటర్ కి వచ్చి ఏం చేయాలి అంటే, టీచర్ పని చేయక్కర్లేదు. వాళ్ళకి చేతనైంది పిల్లల ముందు చేయాలి అంతే. మా దగ్గర ఒక పాప తాతగారు వడ్రంగం చేసి మానేసిన ఆయన, పనికిరాని చెక్క ముక్కలు ఓ సంచీడు తెచ్చి, కోసి, వరండాలో కూర్చుని గరుకు కాగితంతో రుద్దేవారు. నాలుగేళ్ళ పిల్లలు చుట్టూ చేరారు, తాతా నాకూ నాకూ అని. తలా ఒక ముక్క, తలా ఒక కాగితం ఇచ్చారు. మూడు రోజులు రుద్దారండీ. మధ్యమధ్యలో చెక్కని చెంపకి ఆనించుకుని చూసుకోవడం, ఇంకా గుచ్చుకుంటోంది తాతా అనడం, మళ్ళీ రుద్దడం. ఒక పిల్లాడు తన ముక్క నునుపైందని ఖాయం చేసుకున్నాక పక్కవాడి ముక్క కూడా ముట్టి చూసి, నీది ఈ వైపు గరుగ్గా ఉంది, ఇక్కడ రుద్దు అని వేలు పెట్టి చూపించాడు. గరుకు, నునుపు, అంచు, మూల, పొడి, పొట్టు, ఎన్ని మాటలొచ్చాయో ఆ మూడు రోజుల్లో. ఆ చెక్కలతోనే నాలుగేళ్ళ పాటు ఇళ్ళూ వంతెనలూ కట్టారు మా పిల్లలు, కొన్న బ్లాకులు అల్మరాలోనే ఉండిపోయాయి.

అయితే తలుపు తెరిచి పెట్టడానికీ ఎవరు పడితే వాళ్ళు రావడానికీ తేడా ఉంది. అమ్మానాన్నలు చెప్పకుండా ఏ టైములో వచ్చినా లోపలికి రానివ్వాలి, ఇది ఎప్పుడైనా ఆగితే ఆ సెంటర్ ని నేను నమ్మను. కానీ ఏ పెద్ద మనిషీ, జీతగాళ్ళైనా తండ్రులైనా తాతలైనా, మూసిన తలుపు వెనక ఒక పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. ఇది ఎవర్నీ అనుమానించి పెట్టేది కాదు, అందరికీ ఒకే రూలు కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదు. పిల్లని తీసుకెళ్ళడానికి ఎవరెవరు రావచ్చో రాసి పెట్టుకోండి, లిస్టులో లేని మేనమామ వచ్చినా సరే ఇంటికి ఫోన్ చేశాకే పంపండి. పిల్లల ఫోటోలు గ్రూపుల్లో పెట్టే ముందు ఆ ఇంటివాళ్ళ అనుమతి తీసుకోండి.

కలిసి పెట్టుకున్న సెంటర్లో మొదటి పెద్ద గొడవ దేని మీద వస్తుందో ఇప్పుడే చెప్తాను, కొరకడం మీద. ఏడాదికీ మూడేళ్ళకీ మధ్య పిల్లలు కొరుకుతారు. మాట రాక ముందు కోపం, పళ్ళొచ్చే నొప్పి, ఇరుకు, అలసట, అన్నీ పళ్ళలోంచే బయటికొస్తాయి. సాయంత్రం బుగ్గ మీద పళ్ళ గాటు చూసిన అమ్మకి కడుపు రగిలిపోతుంది, ఎవరు కొరికారు అని అడుగుతుంది. పేరు చెప్పకండి, పేరు చెప్పడం లేదని చెప్పండి. ఇరుగుపొరుగు కాబట్టి చెప్పిన రాత్రికే రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోతాయి, కొరికిన బిడ్డకి ఆ ముద్ర ఏళ్ళ తరబడి ఉంటుంది. బదులుగా ఏం జరిగిందో, ఎన్నింటికి జరిగిందో, మనం ఏం చేశామో కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక వారం టైములు రాసి చూస్తే మీకే తెలుస్తుంది, ఎక్కువగా మధ్యాహ్నం నిద్రకి ముందో, అందరూ ఒకే తలుపు దగ్గర గుమిగూడినప్పుడో జరుగుతుంటుంది. అప్పుడు ఓ అరగంట ముందే పడుకోబెట్టండి, తలుపు దగ్గర గుంపు తగ్గించండి, ఒకే రకం బొమ్మలు రెండేసి పెట్టండి. రెండేళ్ళ పిల్లలు పక్కపక్కన ఆడుకుంటారు గానీ కలిసి ఆడరు, 1932లోనే మిల్డ్రెడ్ పార్టెన్ దీన్ని గమనించి రాశారు, కాబట్టి ఆ వయసులో షేర్ చేసుకో నాన్నా అని లాక్కుని ఇంకొకరికి ఇవ్వడం వల్ల పట్టు పెరుగుతుందే తప్ప తగ్గదు.

సిలబస్ అడిగారు. మీలో సగం మంది మూడేళ్ళకే అక్షరాలు రాయాలి అంటారు, ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది, ప్రేమతోనే అంటారు. కానీ రాసేది వేళ్ళతో అయినా బలం భుజం నుంచి రావాలి, భుజం, మోచెయ్యి, మణికట్టు, తర్వాత వేళ్ళు. ఎక్కి దిగే, వేలాడే, నీళ్ళు మోసే, మట్టి పిసికే, కాగితం చింపే పిల్ల ఐదో ఏట పెన్సిల్ పడితే అక్షరం నిలబడుతుంది. మూడేళ్ళకే పట్టిస్తే పిడికిలితో పట్టుకుని కాగితం చిరిగేలా నొక్కుతుంది, ఆ పట్టు మాన్పించడానికి తర్వాత ఏడాది పడుతుంది. రోజూ చేయాల్సింది మాట్లాడటం, కథ చదవడం, పాట పాడటం. మాట్లాడటం అంటే ఇది ఏ రంగు, అది ఎన్ని అని పరీక్ష పెట్టడం అనుకోకండి, పిల్ల ఒక మాట అంటే మనం దానికి ఒక మాట కలిపి ఆగడం, మళ్ళీ తను అనే దాకా ఆగడం. ఆ ఆగడమే పెద్దవాళ్ళకి కష్టం. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలుంటే ఆ భాషలో కనీసం నీళ్ళు, నిద్ర, నొప్పి, అమ్మ వస్తుంది అనే మాటలు మీ వాళ్ళందరూ నేర్చుకోవాలి, ఇంటి భాష మానేయమని ఎవరికీ చెప్పొద్దు.

టీవీ ఎందుకు వద్దన్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ వద్దనే ఉంది, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిది అని. ఆ గంట ఇంట్లోనే అయిపోతుంది మీకూ తెలుసు. ఏడాది దాటిన పిల్లలకి రోజు మొత్తంలో 180 నిమిషాలు ఒళ్ళు కదలాలని కూడా అందులోనే ఉంది, మూడు గంటలు అంటే హాలు సరిపోదు, బయట జాగా చూసుకోండి.

జాగ్రత్తల్లో మాత్రం ఎక్కడా రాజీ పడొద్దు. ఏడాది లోపు బిడ్డ వస్తే వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, తలగడా, బొమ్మలు, వదులు దుప్పట్లు లేకుండా పడుకోబెట్టాలి, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య తర్వాతి ఏళ్ళలో సగానికి పైగా తగ్గింది. పడుకున్నారు కదా అని వదిలేయకుండా పది నిమిషాలకోసారి దగ్గరికెళ్ళి ఊపిరి చూడాలి. టాయిలెట్ పేపర్ చుట్ట లోపల ఉండే అట్ట గొట్టంలోంచి పట్టే వస్తువు ఏదీ మూడేళ్ళ లోపు పిల్లల గదిలో ఉండకూడదు, ద్రాక్ష లాంటివి నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. బాత్రూములో బకెట్ వాడగానే బోర్లించాలి, అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళున్నా నడక కొత్తగా వచ్చిన బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదు. ముగ్గురు జీతగాళ్ళూ పసిపిల్లల ఫస్ట్ ఎయిడ్ నేర్చుకునే దాకా తలుపు తెరవొద్దు. వాంతులు, విరేచనాలు అయితే ఆఖరిసారి అయినప్పటి నుంచి 48 గంటలు ఇంట్లోనే ఉంచాలి, ఇది అమ్మానాన్నలకి కష్టమే, అందుకే జబ్బు రోజున ఎవరింట్లో ఎవరు ఉండగలరో వంతులు ముందే రాసుకోండి. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే, గుంపులో కొత్తగా చేరిన ఏడాది ఇంకా ఎక్కువే వస్తాయి, ఇది ముందే చెప్పకపోతే రెండో నెల్లో సగం మంది సెంటర్ శుభ్రంగా లేదని మానేస్తారు.

ఆఖరుగా మీ పాప. మీరు నడపండి, కానీ మొదటి మూడు నెలలు మీ పాప ఉన్న గుంపులో డ్యూటీ చేయకండి. మీ పాపకి మీరు కాకుండా ఇంకొకరు ముఖ్యమైన మనిషి కావాలి, అందరి పిల్లల్లాగే పేరు రాసి పెట్టండి. ఇంతకు ముందు ఇలాగే మొదలుపెట్టిన తల్లిని చూశాను, తన బిడ్డ ఏడుస్తుంటే పక్క బిడ్డని ఎత్తుకోవాల్సి వచ్చి, ఆ పక్క బిడ్డని ఎత్తుకుని తన బిడ్డ వైపు చూస్తూ నిలబడిపోయేది, ఇద్దరికీ న్యాయం జరిగేది కాదు, సాయంత్రానికి ఆవిడ మొహంలో ప్రాణం ఉండేది కాదు. మీరు లెక్కలు చూసుకోండి, పెద్ద పిల్లల గదిలో ఉండండి, ఇళ్ళకి వెళ్ళి రండి. మధ్యలో పాప మిమ్మల్ని చూసి పరిగెత్తుకొస్తే మాత్రం దాక్కోకండి, ఒక నిమిషం ఎత్తుకుని, అమ్మ పని చూసుకుని నీ నిద్రయ్యాక వస్తుంది అని చెప్పి, తన మనిషి చేతికి మీరే అందించండి.